గంజాం తీరంలో సముద్రపు రొదతో అడుగు పొరలను గుర్తించే విధానం

బంగాళాఖాతం అడుగున మెత్తటి మట్టి ఎంత మందాన పేరుకుందో, దాని కింద గట్టి రాయి ఎక్కడ మొదలవుతుందో తెలుసుకోవడానికి చమురు సంస్థలు ఎయిర్ గన్‌లు (ఒత్తిడి గాలిని నీటిలోకి ఒక్కసారిగా వదిలే పరికరాలు) పేల్చే ఓడలను వాడతాయి. ఆ ఓడల అద్దె కళాశాలలకు, విశ్వవిద్యాలయ విభాగాలకు అందేది కాదు. పైగా ఒడిశాలోని గంజాం తీరంలో రుషికుల్య ముఖద్వారం వంటి తాబేళ్ల తావుల దగ్గర అలాంటి పేలుళ్లకు అనుమతి అడగడం కూడా సబబు కాదు. అలలు రాత్రింబవళ్లు తమంతట తాము నేలలోకి పంపుతున్న కంపనాన్నే వాడుకుంటే పేలుడుతో పని ఉండదు. ఈ ఆలోచనకు గణితపు పునాది 1957లో జపాన్ శాస్త్రవేత్త కెయీటి అకీ వేశారు. 2005లో షపిరో, కాంపిల్లో, వారి సహచరులు దక్షిణ కాలిఫోర్నియాలో నమోదైన రొదనుంచే అక్కడి భూపటలపు వేగపటం గీసి చూపించాక ఈ పద్ధతి ప్రపంచమంతటా వ్యాపించింది.

బరంపురం, ఛత్రపురం, పర్లాకిమిడి ప్రాంతాల్లో భూభౌతికశాస్త్రమో, సముద్రశాస్త్రమో చదువుతున్న తెలుగు విద్యార్థులు చిన్న బృందంగా ఈ పని మొదలుపెట్టదలిస్తే ఏయే విషయాల్లో జాగ్రత్త పడాలో ఇక్కడ వివరిస్తున్నాను. నా అభిప్రాయంలో ఈ పద్ధతిలో ఫలితాన్ని నిర్ణయించేవి పరికరం ఖరీదు కంటే రెండు చిన్న విషయాలు: రొద ఏ దిక్కు నుంచి వస్తోంది, గడియారం ఎంత సరిగా నడుస్తోంది. అందువల్ల ఆ రెండింటి దగ్గర ఎక్కువ సేపు ఆగుతాను.

రొద పుట్టుక

సముద్రం నేలను రెండు విధాలుగా కదిలిస్తుంది. లోతు తక్కువైన చోట అల నేరుగా అడుగును నొక్కుతుంది. అప్పుడు పుట్టే కంపనానికి అల ఆవర్తన కాలమే ఉంటుంది, అంటే సాధారణంగా 10 నుంచి 20 సెకన్లు. రెండోది దీనికంటే చాలా బలమైనది. ఒకే ఆవర్తన కాలం గల రెండు అలల వరుసలు ఎదురెదురుగా వచ్చి కలిసినప్పుడు నీటిలో ఏర్పడే ఒత్తిడి మార్పు లోతుతో పాటు తగ్గిపోకుండా అడుగుదాకా చేరుతుంది. దాని ఆవర్తన కాలం అలల కాలంలో సగం ఉంటుంది. దీని సిద్ధాంతాన్ని 1950లో లాంగెట్-హిగ్గిన్స్ నిరూపించారు. దక్షిణ మహాసముద్రం నుంచి వచ్చే దీర్ఘ ఆవర్తన కాలపు అలలు తీరానికి తగిలి వెనక్కి మళ్లి, తర్వాత వస్తున్న వాటిని ఎదుర్కొనే చోటల్లా ఈ రొద పుడుతుంది.

మొదటి రకం ఎంత లోతు దాకా పనిచేస్తుందో చేతి లెక్కతోనే తేల్చవచ్చు. లోతు సముద్రంలో అల తరంగదైర్ఘ్యం, మీటర్లలో, ఆవర్తన కాలపు వర్గాన్ని 1.56తో గుణిస్తే వస్తుంది. 10 సెకన్ల అలకు 156 మీటర్లు, 14 సెకన్ల అలకు సుమారు 306 మీటర్లు. అల తన తరంగదైర్ఘ్యంలో సగం లోతు వరకే అడుగును తాకగలదు కాబట్టి 10 సెకన్ల అల సుమారు 78 మీటర్ల లోతులోపలే నేలను నొక్కుతుంది. గోపాల్‌పూర్ ఎదుట 20 మీటర్ల నీటిలో పెట్టిన పరికరం మీద ఈ ఒత్తిడి చాలా గట్టిగా పడుతుంది. ఆ కాలపు భాగం నేలలో ప్రయాణించిన తరంగం కాదు, నెత్తిమీది అల బరువు మాత్రమే. దీన్ని తరంగమని పొరబడి గీసిన పటం అర్థం లేనిదవుతుంది.

ఒక హెర్ట్జ్ (సెకనుకు ఒక కంపనం) పైన వినిపించేదంతా దాదాపు మనుషుల రొదే. హౌరా–చెన్నై రైలు మార్గం, 16వ నంబరు జాతీయ రహదారి ఈ తీరానికి దగ్గరగానే సాగుతాయి. రైలు పోయినప్పుడల్లా నమోదులో కొన్ని నిమిషాల గుట్ట కనిపిస్తుంది.

ఎంత లోతు చూడాలో ముందే తేల్చుకోవాలి

నేల ఉపరితలం వెంట సాగే రేలీ తరంగాలు, నీరు ఉన్న చోట వాటికి దగ్గరి బంధువులైన షోల్టె తరంగాలు, తమ తరంగదైర్ఘ్యంలో సుమారు మూడో వంతు లోతున ఉన్న పొరల గురించి ఎక్కువగా చెబుతాయి. సెకనుకు 200 మీటర్ల వేగం ఉన్న మెత్తటి మట్టిలో ఒక హెర్ట్జ్ తరంగం పొడవు 200 మీటర్లు, కాబట్టి అది 60, 70 మీటర్ల లోతు సంగతి తెలుపుతుంది. 5 సెకన్ల తరంగం సెకనుకు ఒక కిలోమీటరు వేగంతో సాగితే ఒకటిన్నర కిలోమీటర్ల లోతు, 10 సెకన్ల తరంగం మూడు కిలోమీటర్ల వేగంతో సాగితే 10 కిలోమీటర్ల లోతు. రెండు పరికరాల మధ్య దూరం కనీసం ఒక తరంగదైర్ఘ్యమైనా ఉండాలి, మూడు ఉంటే నిశ్చింత. కనుక రేవు కట్టడానికి పైపొర మందం కావాలనుకునేవారు వందల మీటర్ల ఎడంతో, భూపటలం స్వభావం కావాలనుకునేవారు పదుల కిలోమీటర్ల ఎడంతో పరికరాలు పెట్టుకోవాలి. రెండూ ఒకే అమరికతో సాధించాలని చూసే బృందానికి సాధారణంగా రెండూ దక్కవు.

దిక్కు

రెండు కేంద్రాల్లో నమోదైన రొదను ఒకదానితో ఒకటి పోల్చి, ఎంత ఆలస్యంతో పోలిక బలంగా కుదురుతుందో చూడటమే ఈ పద్ధతి సారం. రొద అన్ని దిక్కుల నుంచి సమానంగా వస్తే ఆ ఆలస్యం ఒక కేంద్రం నుంచి రెండో కేంద్రానికి తరంగం పట్టే కాలానికి సమానమవుతుంది. గంజాంలో అలా రాదు. సముద్రం తూర్పున, ఆగ్నేయాన, దక్షిణాన ఉంది, పడమర అంతా తూర్పు కనుమలే. రొదలో పెద్ద భాగం ఒక పక్క నుంచే వస్తుంది.

దీని పర్యవసానం లెక్కలో చూడండి. పర్లాకిమిడికి, గోపాల్‌పూర్‌కు మధ్య దూరం సుమారు 100 కిలోమీటర్లు. ఈ గీత ఇంచుమించు తీరానికి సమాంతరంగా, నైరుతి నుంచి ఈశాన్యానికి సాగుతుంది. తరంగ వేగం సెకనుకు 3 కిలోమీటర్లయితే అసలు ప్రయాణ కాలం 33 సెకన్లు. కానీ రొద ఆ గీతకు 60 డిగ్రీల కోణంలో సముద్రం వైపు నుంచి వస్తే రెండు కేంద్రాలను తాకే సమయాల్లో తేడా దానిలో సగం, అంటే సుమారు 17 సెకన్లే ఉంటుంది. దాన్ని నమ్మితే వేగం సెకనుకు 6 కిలోమీటర్లని తేలుతుంది. ఏ భూపటలంలోనూ ఈ కాలాల దగ్గర ఉపరితల తరంగం అంత వేగంగా పోదు. అలాంటి అంకె కనిపించగానే పొరల గురించి ఆలోచించడం మాని దిక్కు గురించి ఆలోచించాలి.

దీనికి భిన్నంగా భంజనగర్–గోపాల్‌పూర్ జత సుమారు 80 కిలోమీటర్ల దూరంలో, తీరానికి అడ్డంగా సముద్రం వైపు చూస్తుంది. అలల రొద ఈ గీత వెంటే వస్తుంది కాబట్టి పోలికలో రెండు పక్కలా (ఒకటి ఇటు నుంచి అటు, మరొకటి అటు నుంచి ఇటు పోయే తరంగానికి) రావలసిన శిఖరం ఒక పక్క మాత్రమే కనిపించినా దాని కాలం నమ్మదగినది. కనుక మొదటి కేంద్రాలను తీరానికి అడ్డంగా ఎంచుకోవాలి. తీరం వెంట జతలను నైరుతి రుతుపవనాల కాలంలోనూ, శీతకాలంలోనూ విడివిడిగా లెక్కించి, రెండు ఫలితాలూ కలిసినప్పుడే వాడాలి. లోపలి వైపు కేంద్రానికి మహేంద్రగిరి పాదాల దగ్గర గట్టి రాతి నేల అనువుగా ఉంటుంది. మట్టి మీది కేంద్రం కంటే అక్కడ నమోదు ఎంతో తేటగా వస్తుంది.

తుఫాను రోజుల గురించి ఒక మాట. 2013 అక్టోబరు 12న ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటినట్టే ఈ తీరానికి తరచుగా వాయుగుండాలు వస్తాయి. అప్పుడు రొద బలం అమాంతం పెరిగి, ఒకే చోటు నుంచి వచ్చి, మొత్తం నమోదును తన వైపు లాగేస్తుంది. ఆ రోజులను పారేయనక్కరలేదు. వాటిని కలిపి ఒక మొత్తం, కలపకుండా ఒక మొత్తం తయారుచేసి పక్కపక్కన పెట్టి చూస్తే దిక్కు ప్రభావం ఎంతో తెలిసిపోతుంది.

ఒడ్డున అభ్యాసం

సముద్రంలోకి దిగే ముందు ఒడ్డున ఒకే పరికరంతో కొన్నాళ్లు పని నేర్చుకోవడం మంచిది. మూడు దిశల కదలికను నమోదు చేసే ఒక సీస్మోమీటర్ చాలు. అడ్డ కదలిక బలాన్ని నిలువు కదలిక బలంతో భాగిస్తే, మెత్తటి పొర గట్టి పొర మీద కూర్చున్న చోట ఒక పౌనఃపున్యం దగ్గర శిఖరం వస్తుంది. 1989లో నకమురా రాసిన వ్యాసంతో ఈ విధానానికి ప్రాచుర్యం వచ్చింది. శిఖరపు పౌనఃపున్యం, పొరలోని కోత తరంగ (నేలను పక్కలకు ఊపుతూ సాగే తరంగం) వేగాన్ని మందానికి నాలుగు రెట్లతో భాగించగా వచ్చేదానికి సమానం. శిఖరం ఒకటిన్నర హెర్ట్జ్ దగ్గర ఉండి, వేగం సెకనుకు 180 మీటర్లయితే పొర మందం 30 మీటర్లు. గంజాం తీరంలో ఇసుక, బంకమట్టి, వాటి కింద శిథిలమైన ఖోండలైటు రాయి ఉన్న చోట్ల ఈ లెక్క బాగా పనికొస్తుంది.

పరికరాన్ని ఇసుక మీద అలా పెట్టేయకూడదు. జానెడు లోతు గుంత తవ్వి, అడుగున తడి ఇసుకను అరచేతితో గట్టిగా అదిమి, నీటిబుడగ మట్టం నడిమికి వచ్చేదాకా కాళ్లు సరిచేసి, పైన గాలి తగలకుండా బక్కెట్టు బోర్లించాలి. సరుగుడు తోటల్లో, మొగలి పొదల అంచున నీడ బాగుంటుంది కానీ గాలికి ఊగే చెట్టు వేళ్ల ద్వారా నేలను కుదుపుతూనే ఉంటుంది. చెట్టు ఎత్తుకు మించిన దూరం జరగాలి. ఒక హెర్ట్జ్ శిఖరం కోసం కనీసం 10 నిమిషాలు, 0.2 హెర్ట్జ్ కోసం కనీసం 30 నిమిషాలు నమోదు చేయాలని 2004లో సెసామే అనే ఐరోపా పరిశోధన ప్రాజెక్టు వెలువరించిన మార్గదర్శకాలు చెబుతాయి. బయట గాలి, బండ్లు, మేకలు ఉంటాయి కాబట్టి దానికి మూడింతలు తీసుకోవడం నా అలవాటు.

ఈ సూత్రాన్ని యథాతథంగా సముద్రపు అడుగుకు వర్తింపజేయరాదు. పైనున్న నీటి పొర నిలువు కదలికను మారుస్తుంది కాబట్టి కొన్ని పౌనఃపున్యాల దగ్గర నేలతో సంబంధం లేని శిఖరాలు వస్తాయి.

సముద్రంలో పరికరాలు దించడం

అడుగు పరికరంలో నేల కదలికను పట్టే మూడు దిశల జియోఫోన్లతో పాటు నీటి ఒత్తిడిని పట్టే హైడ్రోఫోన్ ఉండి తీరాలి. నెత్తిమీది అల బరువును నేల తరంగం నుంచి వేరుచేయడానికి ఆ నాలుగో నమోదే ఆధారం. అడుగు ప్రవాహం పరికరాన్ని కొద్దిగా వంచినా నిలువు నమోదులో అడ్డ కదలిక చొరబడుతుంది. అడ్డ కదలికల నమోదుతో, ఒత్తిడి నమోదుతో పోల్చి ఈ చొరబాటును తీసివేసే విధానాన్ని క్రాఫర్డ్, వెబ్ 2000లో వివరించారు. ఇప్పుడు ఇది లోతు సముద్రపు నమోదులన్నిటికీ మామూలైపోయింది.

పరికరాలకు అసలు ముప్పు ట్రాలర్ వల. తూర్పు తీరంలో మర పడవల వేట ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు నిషిద్ధం. రుషికుల్య ముఖద్వారం దగ్గర తాబేళ్ల కోసం నవంబరు 1 నుంచి మే 31 వరకు 20 కిలోమీటర్ల లోపు వేట మీద వేరే నిషేధం ఉంది. ఈ రెండు కాలాలూ కలిసే ఏప్రిల్ 15, మే 31 మధ్య పరికరాలు దించితే వలలో చిక్కే ప్రమాదం, ఇంజిన్ల రొద రెండూ తగ్గుతాయి. అయితే తాబేళ్ల తావుల్లో అటవీ శాఖ అనుమతి, మిగతా చోట్ల మత్స్య శాఖ, తీరరక్షక దళం, రేవు అధికారుల అనుమతి ముందుగా రాతపూర్వకంగా తీసుకోవాలి. రోజువారీ అలల ఎత్తు కోసం హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ (జాతీయ సముద్ర సమాచార సేవల కేంద్రం) ఇచ్చే సముద్ర స్థితి సూచనలు చూసుకోవాలి.

అనుమతి పత్రాల కంటే ముందు వెళ్లవలసింది సోనాపురం, రామాయపట్నం, గోపాల్‌పూర్ పేటల్లోని తెలుగు మత్స్యకారుల పెద్దల దగ్గరికి. “బాబూ, మీ పెట్టె చేపల్ని తరిమేస్తదా?” అన్నది వాళ్లు తప్పక అడిగే ప్రశ్న. “లేదు తాతా, ఇది వినడమే గానీ చప్పుడు చేయదు” అని చెప్పి, పెట్టెను తెచ్చి చూపించి, దించబోయే చోట్ల గుర్తులు కాగితం మీద రాసి ఇవ్వాలి. వల ఏ చోట నేలకు చిక్కుకుంటుందో, ఎక్కడ బురద, ఎక్కడ బండ అనేది వాళ్లకు అలవాటైన విద్య. ఆ సమాచారాన్ని నోటు పుస్తకంలో ఎక్కించుకుంటే తర్వాత పొరల లెక్కకు అదే మొదటి ఆధారం అవుతుంది. తేలుడు బుంగ కట్టిన తాడు ఈ తీరంలో ఎక్కువ కాలం నిలవదు. వలలకు జారిపోయే వాలు అంచుల ఇనుప చట్రం, ధ్వని సంకేతంతో విడివడే కొక్కెం మేలు.

దించేటప్పుడు అడ్డ జియోఫోన్లు ఏ దిక్కుకు తిరిగాయో తెలియదు. తెలిసిన దారిలో పోయే ఓడ చప్పుడుతోనో, దూరపు భూకంపాల రేలీ తరంగాలతోనో దాన్ని తర్వాత లెక్కగట్టాలి.

గడియారం

నీటి అడుగుకు జీపీఎస్ సంకేతం చేరదు. పరికరం తన లోపలి స్ఫటిక గడియారం మీదే ఆధారపడుతుంది, అది రోజుకు ఒక మిల్లీసెకను చొప్పున తప్పినా 300 రోజుల్లో 0.3 సెకన్ల తేడా వస్తుంది. 500 మీటర్ల ఎడంలో ఉన్న రెండు పరికరాల మధ్య సెకనుకు 250 మీటర్ల వేగంతో పోయే తరంగానికి పట్టే కాలం రెండు సెకన్లే. అందులో 0.3 సెకన్లంటే 15 శాతం. మెత్తటి బురద, గట్టి బంకమట్టి మధ్య తేడాను మింగేయడానికి అది చాలు.

అందుచేత దించే ముందు పడవ మీదే గడియారాన్ని జీపీఎస్‌తో సరిచూసి ఆ క్షణాన్ని రాసుకోవాలి. పైకి తీశాక బ్యాటరీ ఊడదీయకముందే మళ్లీ సరిచూడాలి. ఈ రెండో పని మరిచి బ్యాటరీ తీసేస్తే తేడా ఎంతో ఎప్పటికీ తెలియదు. రెండు కొలతల మధ్య తేడాను రోజులకు సమానంగా పంచడం మొదటి సవరణ. దానికి మించిన సవరణ రొదలోనే ఉంది. రోజువారీ పోలికల్లో కుడి శిఖరం, ఎడమ శిఖరం రెండూ ఒకే వైపు జరిగితే తప్పు గడియారానిది. అవి రెండూ నడిమి నుంచి దూరంగానో, దగ్గరగానో సమానంగా జరిగితే నేలలో వేగం మారింది.

నమోదు నుంచి వేగం దాకా

ముందుగా నమోదులోని ఏకపక్ష జరుగుబాటును తీసివేసి, పరికరపు స్వభావాన్ని సరిచేసి, కావలసిన పౌనఃపున్యాల మేరకు వడకట్టాలి. తర్వాత గంట గంట ముక్కలుగా విడగొట్టి, భూకంపాలు, పడవలు ముంచెత్తకుండా ప్రతి బిందువులో ప్లస్, మైనస్ గుర్తును మాత్రమే ఉంచి పరిమాణాన్ని వదిలేయవచ్చు. వర్ణపటాన్ని (ఏ పౌనఃపున్యం ఎంత బలంగా ఉందో చూపే పటాన్ని) కూడా చదును చేస్తే ఒకే పౌనఃపున్యం పెత్తనం పోతుంది. ప్రతి ముక్కకూ పోలిక కట్టి అన్నిటినీ కలపాలి. మజ్జిగ చిలికినట్టు, మొదట్లో ఏమీ తేలదు. కలిపిన కాలం పెరిగేకొద్దీ తేటదనం దాని వర్గమూలం చొప్పున పెరుగుతుంది, అంటే రెండింతలు తేట కావాలంటే నాలుగింతల కాలం నమోదు చేయాలి. ఈ పనులన్నిటికీ ఆబ్స్‌పై, ఎమ్మెస్‌నాయిస్, జియోప్సీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి. సొంత నమోదు చేతికి రాకముందే, అమెరికా పడమటి తీరంలో 2011 నుంచి 2015 వరకు జరిగిన కాస్కేడియా ఇనీషియేటివ్ సముద్రపు అడుగు నమోదులను ఎర్త్‌స్కోప్ అనే భూకంప నమోదుల భాండాగారం నుంచి ఉచితంగా దించుకుని చేయి తిప్పుకోవచ్చు.

కలిపిన పోలికలో దీర్ఘకాలపు భాగాలు ముందు, స్వల్పకాలపు భాగాలు వెనుక వస్తాయి, ఎందుకంటే లోతు పొరలు గట్టివి, వేగమైనవి. ఒక్కో ఆవర్తన కాలానికి ఒక్కో వేగం చదివి గీసిన వంకర గీతే పొరల లెక్కకు ముడిసరుకు. కేంద్రాల మధ్య దూరం ఒక తరంగదైర్ఘ్యం కంటే తక్కువైన చోటి బిందువులను, ఎంత అందంగా ఉన్నా, కొట్టివేయాలి.

పొరలు కట్టడం

వంకర గీత నుంచి పొరలను వెనక్కి లెక్కించేటప్పుడు నీటిని మొదటి పొరగా తప్పక చేర్చాలి. దానిలో శబ్ద వేగం సెకనుకు సుమారు 1500 మీటర్లు, కోత తరంగం సున్న. దాని మందాన్ని లోతు కొలతతో బిగించేయాలి. కింది పొరల సంఖ్యను మొదట రెండు మూడుకు మించనీయకూడదు. ఒకే గీతకు సరిపడే పొరల అమరికలు లెక్కలేనన్ని ఉంటాయి. ఒక్క అమరికను గీసి చూపించడం కన్నా, గీతకు సరిపోయే వేల అమరికలను కలిపి గీసి, అవి అన్నీ ఒప్పుకునే లోతులను మాత్రమే పొరలుగా ప్రకటించడం నిజాయితీ. వేగం నెమ్మదిగా పెరిగే చోట పదునైన సరిహద్దు ఈ పద్ధతికి కనిపించదు. సరిహద్దు లోతు ఒకటి రెండు మీటర్ల ఖచ్చితత్వంతో కావాలంటే బోరు వేయక తప్పదు.

తీరం దాటి లోతు నీటికి వెళ్లేకొద్దీ ఆశలు తగ్గించుకోవాలి. గంగా, బ్రహ్మపుత్రలు తెచ్చి పోసిన బంగాళాఖాతపు మట్టి ఉత్తరాన 20 కిలోమీటర్లకు మించిన మందాన ఉంది. 10 సెకన్ల రొద దాని అడుగును చేరలేదు, అంతకంటే దీర్ఘమైన కాలాలకు నెలల తరబడి నమోదు అవసరం. 2014 మే 21న ఒడిశా తీరానికి దూరంగా సముద్రం కింద వచ్చిన 6.0 తీవ్రత భూకంపం వంటివి ఆ లోతు పొరల గురించి రొద కంటే ఎక్కువ చెబుతాయి. ఆ రోజు నడుస్తున్న పరికరం ఏదైనా ఉంటే దాని నమోదును రొద లెక్క నుంచి తీసేసి, విడిగా భద్రపరచాలి.

చివరగా, ఫలితాన్ని బయటి కొలతతో సరిపోల్చి చూడాలి. రేవులకు, వంతెనలకు తీసిన బోరు లెక్కలు, మహానది పరీవాహకం ఎదుట 2006లో గ్యాస్ హైడ్రేట్ల (మంచులాంటి ఘనంలో చిక్కుకున్న వాయువు) కోసం జాతీయ కార్యక్రమం కింద తవ్విన బావుల ప్రచురిత వివరాలు అందుకు పనికొస్తాయి. మీ పొర లోతు బోరు లోతుతో పది శాతం లోపు కలవకపోతే ముందు గడియారపు రాతలను, తర్వాత ఆ జత దిక్కును, ఆ తర్వాతే నీటి పొర మందాన్ని తిరిగి చూడాలి.